ఆలకించే తల్లి రేవు

రండి, రండి. గంట కొట్టేశాను కదా అని సంచులు తగిలించుకుని పరుగెత్తకండి. ఇంకా పొద్దుంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి వరండాలో కూర్చోండి, చాప చాలకపోతే మెట్ల మీద సర్దుకోండి. వెంగమ్మా, చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకో, లేకపోతే కథ మధ్యలో రాగం తీస్తుంది. దూలానికి వేలాడే మన బడి గంట ఉంది చూశారూ, ఆ ఇనప ముక్క? అలాంటిదే ఒకటి భూమికి ఆ చివర ఒక గుడి ముందు వేలాడుతోంది. ఈ పూట ఆ గుడి కథ చెబుతాను. మొన్న మన ఊరికి వచ్చిన పశువుల డాక్టరు శేషగిరి గారు ఆ ఊరు స్వయంగా వెళ్ళి చూసి, అక్కడివాళ్ళ నోట విని వచ్చి చెప్పిన కథ.

సముద్రాలు దాటి పోగా పోగా బ్రెజిల్ అనే పెద్ద దేశం వస్తుంది. ఆ దేశంలో తీరానికి చాలా ఎగువన, మినాస్ జెరైస్ అనే కొండల సీమలో, వావు దా ఎస్కుత అనే చిన్న ఊరుంది. వాళ్ళ భాషలో ఆ పేరుకు 'ఆలకించే రేవు' అని అర్థం. అక్కడి మట్టి మన మట్టికన్నా ఎర్రన. ఉన్నది ఒక్కటే వీధి, దానికి అటూ ఇటూ పెంకుటిళ్ళు, నీలం రంగు తలుపులు. వీధి నడుమ కుక్క పడుకుంటే బస్సే పక్కకు తప్పుకుని పోతుంది తప్ప కుక్కను లేపేవారు లేరు. మధ్యాహ్నం ఊరంతా ఒక కునుకు తీస్తుంది. పొద్దు వాలగానే ఇంటింటివాళ్ళూ కుర్చీలు అరుగు మీదికి లాక్కుని కూర్చుంటారు. కొత్తవాడు కనబడితే ఎవరు, ఏమిటి అని అడిగేలోపే చేతిలో బెల్లం కాఫీ పెడతారు. చుట్టూ పచ్చిక కొండల మీద మూపురాలు ఎత్తిన తెల్లటి పశువులు మేస్తుంటాయి. అవి ఎవరివో అనుకునేరు, మన ఒంగోలు జాతివే. వాటి తాతముత్తాతలు మన గడ్డి మేసి, మన చెరువుల నీళ్ళు తాగి, ఓడ ఎక్కి వెళ్ళినవే.

ఊరి దిగువన ఒక నది పారుతుంది. ఆ నది రేవు ఒడ్డున చిన్న గుడి ఉంది. అందులో కొలువైన తల్లి మరియమ్మ. ఊరివారు ఆమెను 'ఆలకించే తల్లి' అని కొలుస్తారు. యాత్రికులు మొట్టమొదట గమనించేది ఏమంటే ఆ గుడికి మూడే గోడలు. నది వైపు గోడ లేదు, తలుపు లేదు, తెర కూడా లేదు. విగ్రహం మూరెడు ఎత్తు ఉన్న నల్లటి కొయ్య. తల్లి ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, రెండో చెయ్యి చెవి వెనక ఆనించి, తల కాస్త పక్కకు వంచి ఉంటుంది. మండు వేసవిలో కూడా ఆ కొయ్య అప్పుడే నూనె రాసినట్టు మెరుస్తుంది. గుడి ముందు చూరుకు పాత నాగటి కర్రు ఒకటి వేలాడుతుంది.

బయటి నుంచి ఎవరు వచ్చినా, అధికారి అయినా కొత్త అల్లుడైనా, నది అవతల నిలబడి "ఓ ఇంటివారూ!" అని కేక వేయాలి. ఇవతల గుడి దగ్గర ఉన్నవారు "ఓ బయటివారూ!" అని బదులిచ్చి కర్రు మోగించాలి. ఆ బదులు రానిదే ఎవరూ ముందుకు కాలు పెట్టరు. ఇప్పుడు నది మీద వంతెన ఉంది, బస్సు దాని మీదుగానే పోతుంది. అయినా డ్రైవరు వంతెన మొదట్లో బస్సు ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి కేక వేస్తాడు. ప్రయాణికులూ గొంతు కలుపుతారు. బదులు వినబడ్డాకే గేరు మారుస్తాడు. ఈ ఆచారం ఎలా వచ్చిందో, ఆ తల్లి చెవి దగ్గర చెయ్యి ఎందుకు పెట్టుకుందో చెప్పేదే ఈ స్థల పురాణం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఊరికి పేరు కూడా లేదు, అందరూ ఊరికే 'రేవు' అనేవారు. పొగ ఓడల కాలంలో ఆ దేశపు ఆసామి ఒకడు మన సీమకు వచ్చి గిత్తలను, ఆవులను కొని తీసుకుపోయాడు. దారిలో వాటిని కనిపెట్టుకుని ఉండటానికి మాలకొండయ్య అనే గొడ్లకాపరిని కూడా ఓడ ఎక్కించాడు. మన కందుకూరు దిగువవాడే. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. ఎవరింట్లోనైనా గ్లాసు మజ్జిగ తాగితే ఆ ఇంటి కట్టెలు కొట్టిపెట్టి గానీ కదలడు. పెట్టిన చెయ్యికి తిరిగి ఏదో ఒకటి చెయ్యకపోతే అతనికి ముద్ద దిగేది కాదు.

ఆసామి ఆ మందలోంచి ఒక గిత్తల జతను, ఒక చూడి ఆవును రేవులో ఉండే అన్సేల్ము అనే బండివాడి దగ్గర మేపుకు ఉంచాడు. వాటితో మాలకొండయ్యా అక్కడే ఉండిపోయాడు. గిత్తల పేర్లు చుక్కడు, పాలడు. దూడలప్పటి నుంచీ అతని చేతుల్లో పెరిగినవి. అతని గొంతు తప్ప వేరే గొంతు ఎరగవు.

అన్సేల్ము గట్టిగా నవ్వే మనిషి. వచ్చిన రోజే మాలకొండయ్య భుజం చుట్టూ చెయ్యి వేసి 'కుంపాద్రి' అన్నాడు. అది అక్కడివాళ్ళు చనువైన స్నేహితుణ్ణి పిలిచే పిలుపు. మాలకొండయ్య దాన్ని 'బావా' అనుకుని అలాగే బదులిచ్చాడు. ఇక ఆ ఇద్దరూ బావలే. అన్సేల్ము తల్లి పేరు ఫిలొమేన. ఊరంతా దోనా ఫిలొమేన అని పిలిచేవారు, అంటే ఫిలొమేన అమ్మగారని. చూపు పోయి చాలా ఏళ్ళయినా ఇల్లంతా తడుముకోకుండా తిరిగేది. మొదటి రాత్రి ఆమె పెట్టిన మొక్కజొన్న సంకటి, చిక్కుడు గింజల పులుసు నోట్లో పెట్టుకోగానే మాలకొండయ్యకు కళ్ళు చెమర్చాయి. దేశం కాని దేశంలో సంకటి దొరుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఆమెకు కనబడదు కదా అని కళ్ళు తుడుచుకోలేదు. ఆమె మాత్రం, "ముక్కు ఎగబీలుస్తున్నావు, కారం ఎక్కువైందా నాయనా?" అంది. ఆమె చెవి అలాంటిది.

నెలలు గడిచే కొద్దీ మాటలు వచ్చాయి. ఇంటి పని, పాలు పితకడం, దడి కట్టడం, అన్నీ చేసేవాడు. అయినా మనసులో వెలితి. అమ్మ పెడుతోంది, బావ చూస్తున్నాడు, నేనేం చేశాను? ఆ వెలితి పోయే దారి ఒకటి అతనికి బండిలో కనిపించింది.

మన బండిలో ఇరుసు కదలదు, చక్రాలే తిరుగుతాయి. ఆ ఊరి బండిలో చక్రాలతో పాటు కొయ్య ఇరుసు కూడా తిరుగుతుంది. బరువెత్తితే చాలు, ఇరుసు దిమ్మల మీద రాసుకుని కీచుమని మొదలుపెట్టి, కొండ ఎక్కేటప్పుడు సన్నగా, దిగేటప్పుడు బొంగురుగా, ఎక్కడో దూరాన ఉండగానే వినిపిస్తుంది. ఖాళీ బండి నోరు విప్పదు. ప్రతి సంత రోజూ సాయంత్రం అన్సేల్ము బండి అలా కూత పెట్టుకుంటూ వచ్చేది. అది వినగానే జనం అరుగుల మీదికి వచ్చి నవ్వేవారు. అన్సేల్ము టోపీ ఎత్తి వాళ్ళకన్నా గట్టిగా నవ్వేవాడు.

మాలకొండయ్యకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. మన వైపు బండి కీచుమంటే ఎంత నామోషీ! "ఆముదపు చుక్కకు గతిలేదా?" అని దారినపోయేవాళ్ళు కూడా ఆగి మరీ అంటారు. పాపం బావ, నలుగురూ నవ్వుతుంటే తనూ నవ్వి కప్పిపుచ్చుకుంటున్నాడు అనుకున్నాడు. పైగా ఒకనాడు అన్సేల్ము ఇరుసుకు బొగ్గుపొడి రుద్దుతూ కనిపించాడు. బండి బాగా పాడాలని అక్కడి బండివాళ్ళు చేసే పని అది. మాలకొండయ్యకు అదేం తెలుసు? కందెనకు నూనె లేక బొగ్గు రుద్దుకుంటున్నాడు అనుకున్నాడు.

ఆ దారుల వెంట ఆముదపు చెట్లు ఎవరూ నాటకుండానే గుబురుగా పెరుగుతాయి. మాలకొండయ్య ఎండుకాయలు ఏరి, గింజలు వేయించి, దంచి, పెరటి వెనక కుండలో కాచి, పైకి తేలిన ఆముదాన్ని గరిటెతో తీసి దాచాడు.

"ఏం కాస్తున్నావు నాయనా? వాసన ఘాటుగా ఉంది," అంది ఫిలొమేన.

"బావ కోసమే అమ్మా. ఇప్పుడే చెప్పకు."

"సరే, నాకేం తెలియదు," అని ఆమె నవ్వుకుంది.

వానలు మొదలయ్యే రోజులు వచ్చాయి. తెల్లవారుజామున నది మీద పొగమంచు పరుచుకోసాగింది. సంత రోజుకు అన్సేల్ము ఎద్దు ఒకటి కుంటుతోంది. ఇంట్లో ఉప్పు అయిపోవచ్చింది. "నీ గిత్తల్ని ఇవ్వు బావా, వాటికీ లోకం చూపిస్తాను," అన్నాడు అన్సేల్ము. బండికి అలవాటు పడినవే, కానీ మాలకొండయ్య లేకుండా ఎక్కడికీ పోలేదు. తను వెంట వెళ్దామంటే చూడి ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది. గిత్తల మెడలు నిమిరి, చెవుల్లో ఏదో చెప్పి పంపాడు. అంతకు ముందే, బావ కాఫీ తాగుతుండగా, కాల్చిన గడ్డి మసి కలిపిన ఆముదాన్ని ఇరుసుకు, దిమ్మలకు కడుపారా పట్టించాడు. ఖాళీ బండి కనుక పోయేటప్పుడు తేడా ఎవరికీ తెలియలేదు.

ఆ పగలంతా మాలకొండయ్య లోలోపల మురిసిపోయాడు. మధ్యాహ్నం ఆవు ఈనింది. తెల్లటి పెయ్య. ఇవాళ బావ బండి పెళ్ళికూతురు నడిచినట్టు వస్తుంది, ఎవరు నవ్వుతారో చూస్తాను అనుకున్నాడు. సాయంత్రానికి కొండల మీద మబ్బు కమ్మింది. ఎగువన వాన పడుతున్న వాసన వచ్చింది. మంచు దిగి, ఇంటి ముందు దడి కూడా కనబడకుండా పోయింది. అతను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

లోపల ఫిలొమేన పళ్ళాలు పెట్టింది. "రా నాయనా, తిందాం. వాడు ఇవాళ రాడులే."

"ఎందుకు రాడమ్మా?"

"బండి పాడలేదుగా. మబ్బు చూసి సంతలోనే ఆగిపోయుంటాడు. నా కొడుక్కి అప్పుడప్పుడు బుద్ధి పనిచేస్తుంది."

మాలకొండయ్య గుమ్మం వదల్లేదు. "బండి పాడితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తానా? రేవు దగ్గర కర్రు మోగిస్తాను. నువ్వు ఎండాకాలంలో వచ్చావు, నీకు ఆ పని చూసే వీలు పడలేదు. ఈ మంచులో రేవు ఎటుందో వాడికి ఆ మోతే చెబుతుంది. రేవుకు ఎగువన మడుగుంది, ఏనుగు లోతు. అందుకని వాడు నది నడుమ ఇసుక దిబ్బ దాకా వచ్చి ఆగుతాడు. మోత వినబడ్డాకే ఇటు దించుతాడు."

"వినబడకపోతే?"

"వినబడేదాకా దిబ్బ మీదే ఉంటాడు. అమ్మ ఏదో పనిలో ఉంది అనుకుంటాడు."

"ఈలోగా నీళ్ళు వస్తే?"

"వస్తే మొదట మునిగేది ఆ దిబ్బే. అందుకే కూత చెవిన పడగానే అన్నం ముందు నుంచి కూడా లేచిపోతాను." గరిటె పట్టిన ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. "ఇవన్నీ ఇవాళ ఎందుకు అడుగుతున్నావు?"

అతను నేర్చుకున్న కాసిని మాటలూ ఎటో పోయాయి. ఒక్క క్షణం, బావ నిజంగానే సంతలో ఆగిపోయి ఉంటాడేమో, చెప్పకపోతే ఏమవుతుంది అని కూడా అనిపించింది. వెంటనే ఆ తలపు మీద అతనికే అసహ్యం వేసింది.

"అమ్మా, బండి రాకపోవడం కాదు. ఇరుసుకు ఆముదం పెట్టాను. దానికి ఇక గొంతు లేదు. బావ అక్కడే ఉండి ఉంటాడు."

ఆమె తిట్టలేదు, నెత్తి బాదుకోలేదు. గరిటె కింద పెట్టింది. "చెప్పులు వేసుకోకు, జారతాయి. చెయ్యి ఇలా ఇవ్వు," అని తనే అతన్ని నడిపించుకుపోయింది. ఆ మంచులో కళ్ళున్నవాడికీ లేనివారికీ తేడా లేదు. దారి తెలిసింది ఆమెకే.

రేవులో ఆమె పాదంతో మెట్టురాయిని తడిమింది. "రాయి ఇంకా తేలే ఉంది. వ్యవధి ఉంది, ఎక్కువ లేదు." వేలాడే కర్రును ఇనప ముక్కతో కొట్టింది. ఖంగుమన్న మోత మంచులోకి దూసుకుపోయింది. బదులుగా నది హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే.

"మోత వాడికి చేరే ఉంటుంది," అంది ఆమె. "అరుస్తూనే ఉంటాడు, మనిషి గొంతు ఈ హోరులో కలిసిపోతోంది. వినబడినా దిగడం లేదంటే గిత్తలు మొరాయిస్తున్నాయి."

అప్పుడు మాలకొండయ్యకు అర్థమైంది. పొద్దున వెలుగులో ఒక్కసారి దాటాయే గాని, మంచులో పొంగే ఆ నది తన గిత్తలకు తెలియదు, ఆ కర్రు మోత తెలియదు, బావ భాష అసలే తెలియదు. నీళ్ళలో దిగమని వాటికి చెప్పేవారు ఎవరున్నారు? అతను మోకాళ్ళ లోతుకు దిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మన పొలాల్లో పొద్దుగూకే వేళ ఎలా పిలిచేవాడో అలా పిలిచాడు.

"చుక్కా... ఓ చుక్కా! పాలా! రండిరా అయ్యా, ఇంటికి రండి!"

నది ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. తర్వాత మంచులోంచి, ఎక్కడి నుంచో చెప్పలేనట్టు, ఒక రంకె. దాని వెంటనే ఇంకొకటి.

ఫిలొమేన చెవి వెనక చెయ్యి ఆనించి, తల పక్కకు వంచి నిలబడింది. "దిగాయి. నీళ్ళు కోస్తున్న చప్పుడు వస్తోంది. పిలువు, పిలుస్తూనే ఉండు." అంతలోనే ఆమె గొంతు మారింది. "ఆగు. ఎగువకు తిరుగుతున్నాయి, మడుగు వైపు! నువ్వు కిందికి జరుగు. కింద నుంచి పిలువు."

మాలకొండయ్య నీళ్ళలోనే పడుతూ లేస్తూ దిగువకు పరుగెత్తాడు. అక్కడి నుంచి పిలిచాడు. గొంతు ఎటు జరిగితే గిత్తలు అటు తిరిగాయి. "ఇంకొంచెం కిందికి. చాలు. ఇప్పుడు అక్కడే నిలబడు," అని ఒడ్డు మీద నుంచి ఆమె చెబుతుంటే, ఆమె వినేది ఇతను పిలిచాడు, ఇతను పిలిచేది గిత్తలు విన్నాయి. ఒకరికి చూపు లేదు, ఒకరికి నది తెలియదు, ఆ మూగజీవాలకు ఏదీ తెలియదు. అయినా బండి కదిలి వస్తోంది. మెట్టురాయి మీదికి నీళ్ళెక్కాయి. ఆమె కదల్లేదు.

మంచులో మొదట కనబడింది రెండు తెల్లటి మూపురాలు. వాటి వెనక కొమ్ములు ఎత్తి పట్టిన తలలు, తర్వాత బండి. బండి వెనక నిలువెల్లా తడిసి, బండి కర్ర పట్టుకుని వేలాడుతున్న అన్సేల్ము. గిత్తలు ఒడ్డెక్కి తిన్నగా వచ్చి మాలకొండయ్య రొమ్ముకు మూతులు ఆనించాయి. ఉప్పు బస్తాలు కారిపోతున్నాయి. వెనక ఇసుక దిబ్బ ఉన్న చోట నీళ్ళు సుడి తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

తల్లి కొడుకు ముఖమంతా తడిమి చూసుకుంది. అతను పళ్ళు టకటకలాడుతుండగానే అడిగాడు. "నా బండి గొంతు పిసికిన దొంగ ఎవడమ్మా?"

మాలకొండయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నేనే బావా. మంచి చేద్దామనుకున్నాను. కొట్టు."

అన్సేల్ము చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యితోనే అతని మెడ పట్టి దగ్గరకు లాక్కున్నాడు. "బండి గొంతు పోతే పోయింది. ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ నా ఇంట్లో పిల్లిలా తిరిగావేమిటిరా?" అని నవ్వబోయి, నవ్వలేక ఏడ్చాడు.

మర్నాడు జనం పోగయ్యారు. కొట్టు నడిపే సెబస్తియాం అనే పెద్దమనిషి, "తెలియనివాడు తెలియని పనిలో చెయ్యి పెట్టకూడదు," అని గట్టిగానే అన్నాడు. మాలకొండయ్య తలవంచుకున్నాడు. ఫిలొమేన అరుగు మీద నుంచి అడిగింది.

"నిజమే. మరి మనలో ఎవరం చెప్పాం? సంకటి పెట్టాం, పక్క వేశాం, పేరు పెట్టి పిలిచాం. బండి ఎందుకు పాడుతుందో, కర్రు ఎందుకు మోగుతుందో నువ్వు చెప్పావా సెబస్తియాం? నేను చెప్పానా? మనకు తెలిసిందే కదా అని ఊరుకున్నాం. నిన్న నా కొడుకు పోయుంటే సగం పాపం నాది."

సెబస్తియాం టోపీ తీసి, వెళ్ళి మాలకొండయ్య పక్కన కూర్చున్నాడు.

ఆముదం తాగిన ఇరుసు ఎంత బొగ్గు రుద్దినా మళ్ళీ పాడలేదు. వడ్రంగి కొత్త ఇరుసు బిగించాడు. పాతది పెరట్లో పడి ఉంది. మాలకొండయ్య అటు వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఆ వానల్లోనే ఒక వేకువన ఫిలొమేనకు కల వచ్చింది. కలలో ఆమెకు చూపు ఉంది. రేవులో ఒక తల్లి, చంకన బిడ్డతో, తడిసిన పాదాలతో నిలబడి ఉంది.

"ఆ సాయంత్రం నీ పక్కన నేనూ నిలబడ్డాను ఫిలొమేనా," అంది ఆ తల్లి. "నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. నాకు ఇక్కడ ఒక నీడ వెయ్యి."

"నిన్ను ఏ కొయ్యతో చెక్కించమంటావు తల్లీ?"

"మూగబోయిన ఇరుసు ఉందిగా. అది పాడటం మానేసింది, ఇక వింటుంది. గోడలు మూడే కట్టించు. నది వైపు కూడా కడితే నాకెలా వినిపిస్తుంది? ఏడాదికోసారి నా చెవికి ఆముదం పెట్టించు. మీ ఊరివాళ్ళ చేత కాదు, బయటి నుంచి వచ్చినవాడి చేత."

వడ్రంగి ఆ ఇరుసుతోనే విగ్రహం చెక్కాడు. ముఖం ఎలా ఉండాలో తోచక నాలుగు రోజులు ఉలి పక్కన పెట్టాడట. ఒక సాయంత్రం రేవులో కొడుకు బండి కోసం చెవి ఒగ్గి నిలబడ్డ ఫిలొమేనను చూశాక ఇక చెయ్యి ఆగలేదు. విగ్రహం పూర్తయ్యాక ఆమె చేత తడిమించారు. "ఎవరిదిరా ఇంత పెద్ద చెవి?" అని నవ్విందే గాని అది తనదేనని ఆమెకు తెలియలేదు. ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క సంగతి మాత్రం చెప్పకపోయినా తప్పు లేదు.

ప్రతిష్ఠ రోజున మొదటి చుక్క ఆముదం పెట్టమని మాలకొండయ్యను పిలిచారు. అతను వెనక్కి తగ్గాడు. "ఆముదమా? మళ్ళీ నా చేత్తోనా అమ్మా?"

"నీ చేత్తోనే నాయనా," అంది ఫిలొమేన.

అతను వేలితో తల్లి చెవికి ఆముదం తాకించాడు. సరిగ్గా అప్పుడే కొండ మలుపులో అన్సేల్ము కొత్త ఇరుసు కూత అందుకుంది. ఆనాటి నుంచి ఆ ఊరికి ఆలకించే రేవు అని పేరు. మాలకొండయ్య మళ్ళీ ఓడ ఎక్కలేదు. చుక్కడికీ పాలడికీ పుట్టిన సంతానాన్ని పెంచుతూ, ఆ తల్లికి కొడుకుగా, ఆ ఊరికి బావగా అక్కడే ఉండిపోయాడని చెబుతారు.

ఈనాటికీ తొలకరి వానల వేళ అక్కడ ఉత్సవం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు బరువెత్తుకుని పాడుకుంటూ వస్తాయి. గుడి ముందుకు రాగానే ఒక్కొక్క బండీ ఆగుతుంది. ఆ ఏడాది ఊరికి కొత్తగా వచ్చినవారు ఎవరుంటే వారు తల్లి చెవికి ఆముదం పెడతారు. దూరదేశాల్లో ఉన్న తమవాళ్ళ పేర్లను నది వైపు తిరిగి గట్టిగా పిలుస్తారు. అలా పిలిస్తే వాళ్ళు క్షేమంగా ఉంటారని, దారి తప్పినవారికి ఇంటి దారి తోస్తుందని, ఏళ్ళ తరబడి మాటలు లేనివారు తిరిగి పలకరించుకుంటారని అక్కడివారి నమ్మకం. ఇంకో ఆచారం కూడా ఉంది. కొత్తవాడు వచ్చిన మొదటి సాయంత్రమే, భోజనానికి ముందు, ఇంటివాళ్ళు అతన్ని రేవు దాకా నడిపించుకుపోయి దిబ్బ ఇది, మడుగు అది, కర్రు ఎందుకు మోగుతుందంటే ఇందుకు అని ఒక్కటీ వదలకుండా చెబుతారు. 'తెలిసే ఉంటుందిలే' అనే మాట ఆ ఊళ్ళో ఎవరూ అనరు.

శేషగిరి గారికీ అలాగే చెప్పారట. ఆయన చేత ఆముదం కూడా పెట్టించారు. తిరిగి వస్తుంటే గట్టు మీద ఒక ముసలి కాపరి తెల్లటి గిత్తల్ని నది దాటిస్తూ గొంతెత్తి పిలిచాడట. "పాలా... రండిరా అయ్యా!" అని. డాక్టరు గారు నిలబడిపోయి, "ఆ మాటకు అర్థమేమిటి తాతా?" అని అడిగారట. "ఏమో బాబూ, మా తాతలు అలాగే పిలిచేవారు. వీటికి మాత్రం అర్థమవుతుంది," అన్నాడట ఆ ముసలాయన.

సరే, లేవండిక. దుమ్ము దులుపుకోండి. వెంగమ్మా, చెల్లెలు నిద్రపోయినట్టుంది, భుజాన వేసుకో. దారిలో ఆటలకు దిగకండి, మీ ఇళ్ళల్లో అమ్మలు పొయ్యి దగ్గర ఉన్నా ఒక చెవి వీధి వైపే వేసి ఉంటారు. గుమ్మం దాకా వెళ్ళి పిల్లుల్లా దూరకుండా, "అమ్మా, వచ్చాను!" అని గట్టిగా పిలవండి. లోపలి నుంచి పలికాకే గడప దాటండి. పొండి, పోయి అన్నాలు తినండి, చల్లారిపోతాయి.